పిడి లోపలి చుక్కలు

1979 ఎండాకాలం, మధ్యాహ్నం. కంచరపాలెంలో రోడ్డు వారనున్న కొలిమి. కత్తులమ్మే తవిటమ్మ ముందు, చంకలో పాత పేపరు చుట్టిన పొడుగాటి కత్తితో ఒకాయన నిలబడి ఉన్నాడు.

“కత్తి సూడమంటే సూత్తాను. ముందు నువ్వెవరో సెప్పు.”

“చెప్పాను కదమ్మా, శ్రీరామ్మూర్తినని. దువ్వాడ నుంచి వచ్చాను.”

“దువ్వాడలో కొలుముల్లేవేటి? ఎండలో ఇంతదూరం మోసుకొచ్చీసినావు.”

“ఉన్నాయి. గురువులు గారి కొలిమి పేరు విని ఇటొచ్చాను.”

“మా ఆయన పోయి మూడేళ్ళయింది. పేరు ఇన్నోడివి, పోయిన సంగతి ఇన్లేదా?”

“విన్నాను. కత్తి చేత్తో పట్టుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేది ఆయన భార్య తవిటమ్మ గారేనని కూడా విన్నాను.”

“పొగడకు. పొగిడినోణ్ణి నాను నమ్మను. ఆ జేబులో పుస్తకం ఏటి?”

“ఊరికే. అడ్రసులు రాసుకుంటాను.”

“పోలీసోడివేటి?”

“కాదమ్మా. అడవిలో కేంపుకి వెళ్ళాలి. నెల్లాళ్ళు గుడారాల్లో ఉండాలి. తుప్పలు నరకాలి, మేకులు చెక్కుకోవాలి, వంటకి కట్టెలు కొట్టుకోవాలి. ఈ కత్తి పనికొస్తుందో లేదో చెప్పండి, చాలు.”

“నీ సేతులు తుప్పలు నరికిన సేతుల్లాగ లేవు.”

“నేను నరకను. నాతో వచ్చే మనుషులు నరుకుతారు.”

“ఇటియ్యి. ఎక్కడ కొన్నావు?”

“కొన్లేదు. ఒకరిచ్చారు.”

“ఎవరు?”

“హార్బర్లో... ఓడ మనిషి.”

“ఓడ మనిషి లారీ కమాను ముక్కతో కత్తి సేయించుకున్నాడా? ఇటు సూడు, ఈ మందం సూడు. లారీ కమానే ఇది. సముద్రంలో లారీలెక్కడివి బాబూ?”

“అయితే అతను నాకు అబద్ధం చెప్పుంటాడు.”

“ఆడు నీకు సెప్పాడో, నువ్వు నాకు సెప్తన్నావో.”

“అది సరే, కత్తి ఎలాంటిది?”

“ఉండు, ఈ దాగలి దిమ్మ మీద కొట్టి సూడనీ... ఇన్నావా? ఖంగుమంది. లోపల బీటుంటే దబ్బుమంటాది. ఇప్పుడు కాలికింద పెట్టి వంచుతాను సూడు... ఇడిసిపెడితే ఎప్పట్లాగ తిన్నగా వొచ్చీసింది. నీళ్ళు పట్టించినోడు పనోడే.”

“బరువెక్కువ కాదా?”

“అడవి కత్తి కూరలు తరుక్కోడానికేటి? బరువు ముందుకుండాలి. సగం పని బరువే సేత్తాది. ఈపు మందంగా ఉంది, దాంతో మేకులు దిగ్గొట్టుకోవచ్చు. పిడి నల్లతుమ్మ. సెమట పట్టి నున్నగైపోయింది. ఏళ్ళ తరబడి ఒక్క మనిషే పట్టుకున్నాడు దీన్ని.”

“ఒక్క మనిషేనని ఎలా తెలుసు?”

“సేతి ఏళ్ళ గుర్తులు ఒక్కలాగే అరిగినాయి. నలుగురు పడితే నాలుగు రకాలుగా అరుగుతాది. ఇంతకీ ఏ కేంపు నీది?”

“అనంతగిరి పైన.”

“సర్వే కేంపా?”

“ఆ... సర్వేయే.”

“అయితే నా కొడుకు కేంపే నీది.”

“మీ అబ్బాయి అక్కడే పనిచేస్తాడా?”

“తెలీనట్టు అడుగుతన్నావు. నా కొడుకు అబ్బులు. నెల్లాళ్ళ కిందట అక్కడే కాలు తెగి పెద్దాసుపత్రిలో పడ్డాడు. ఆ సంగతి తెలీనోడు ఆ కేంపులో ఉంటాడా?”

“విన్నాను. తన కత్తే జారి తగిలిందని ఎవరో...”

“ఎవరు కూసారు? నా కొడుకుతో పన్జేసీ ఆ వరహాలే గదా? నిన్ను ఆడు పంపించాడా?”

“లేదమ్మా.”

“ఆడి పెళ్ళాం పంపించిందా? మొన్న జాలరిపేట నుంచొచ్చి, ఇదిగో, ఇక్కడే కూకుని ఏడిసింది. మా ఆయన్ని పనిలోంచి తీసీసినారు, పిల్లల్తో పస్తులున్నాం అంది. నా కొడుకు కాలు నరికినోడికి దండేత్తారేటి అన్నాను. లెగిసి ఎల్లిపోయింది.”

“వరహాలు కత్తి తగలడం అబ్బులు చూశాడా?”

“పక్కన నరుకుతన్నది ఆడొక్కడే. ఇంకెవడు? ఆ పొద్దు నా కొడుకు సేతిలో కత్తే లేదు. జెండా కర్రలు మోత్తన్నాడు. తెగింది ఏ కాలో తెలుసా నీకు?”

“కుడికాలు.”

“అదీ. కుడిసేత్తో నరికితే, జారిన కత్తి ఎడంకాలికి తగుల్తాది. నలభై ఏళ్ళు ఈ కొలిమిలో ఉన్నాను, కాళ్ళు తెగినోళ్ళని ఎంతమందిని సూళ్ళేదు. తన కుడికాలు తనే నరుక్కోవాలంటే ఆడు ఎడంసేతోడై ఉండాలి.”

“అబ్బులిది ఎడంచేతి వాటం కాదు కదా?”

“ఏటా మాట? మా ఇంట్లో ఎడంసెయ్యి లేదు. ఐదో ఏట అన్నం ముద్ద ఎడంసేత్తో ఎత్తేడు. పాత సీరగుడ్డెట్టి ఆ సెయ్యి నడుంకి కట్టీసినాను. ఏడాది కట్టేను. ఇప్పుడు తినడం కుడిసేత్తో, సంతకం కుడిసేత్తో. నలుగురి మజ్జిన పరువుగా బతకొద్దా?”

“గురువులు గారు ఏమీ అన్లేదా?”

“అనకేం. ఆడంటే ముద్దు ఆయనకి. నా సాటున గుడ్డ ఇప్పీసీవోడు. నాను మళ్ళీ కట్టీదాన్ని. దాని మీద రోజూ గొడవే. ఆ సంగతులు నీకెందుకు? కత్తి కోసం వొచ్చావా, నా కాపురం కబుర్ల కోసం వొచ్చావా?”

“కత్తి కోసమే. ఇన్ని మంచి గుణాలు చెప్పారు గానీ, కర్ర మీద వేస్తే ఇది పక్కకి పోతోందమ్మా.”

“ఇంత మంచి కత్తి పక్కకెందుకెల్తాది? ఆ సరుగుడు కర్ర మీద ఒకటెయ్యి... నిజవే, జారింది. మళ్ళీ ఎయ్యి... ఆగాగు, ఇటియ్యి. ఓలమ్మ, అంచుకి పెట్టిన నూరు సూడు. ఒకపక్కే ఉంది. రెండోపక్క పలకలాగ సాపుగా ఉంది.”

“ఒకపక్కే నూరడం తప్పా?”

“తప్పుకాదు. తుప్పలు కొట్టీ కత్తికి అలాగా నూరతారు, లోతుగా దిగుతాది. కుడిసేతోడి కత్తికైతే నూరు కుడిపక్కుంటాది. దీనికి ఎడంపక్కుంది. నువ్వు కుడిసేత్తో కొట్టేవు, అందుకే జారింది. ఎడంసేత్తో పట్టు.”

“నాకు అలవాటు లేదు.”

“నీ అలవాటుతో పనిలేదు. ఎయ్యి... సూసావా, ఎంత తిన్నగా దిగిందో. ఎవరో ఎడంసేతోడి కోసం మనసెట్టి సేసిన కత్తి బాబూ ఇది. ఆడికైతే బంగారం. ఇంకోడి సేతిలో గండం.”

“ఈ మాట రాసుకోనా?”

“రాసుకో... రాయడం దేనికి? ఇప్పుడైనా నిజం సెప్పు, ఎవరు నువ్వు?”

“సర్వే ఆఫీసు మనిషినమ్మా. అబ్బులు కాలి సంగతి విచారించమని నాకు అప్పజెప్పారు. ఈ కత్తి అతను పడిపోయిన చోట, తుప్పల్లో దొరికింది. మా ఆఫీసు ఇచ్చిన కత్తి కాదు. వరహాలు నాది కాదంటాడు. అబ్బులు అది వరహాలుదేనంటాడు. సోమవారం నాడు వరహాలు మీద పోలీసు కేసు పెట్టాలని మా పైవాళ్ళ మాట.”

“ఓహో, అందుకా ఓడ మనిషి కబుర్లు. నా నోటితో నాసేతే ఏటో సెప్పించీద్దామని.”

“ముందే చెబితే కత్తి సంగతి ఉన్నదున్నట్టు చెప్పేవారా?”

“నా కొడుకు కోసం భయపడీదాన్నా నాను? తప్పు సేసినోడు ఆడు కాడు. ఆ వరహాలే ఎడంసేతోడై ఉంటాడు, సూసుకో.”

“చూశాను. పొద్దున్న ఈ కత్తితో పది కర్రలు కొట్టించాను. కుడిచేత్తో పదీ పక్కకే పోయాయి. ఎడంచేత్తో పట్టుకోవడమే రాలేదు అతనికి.”

“కావాలని సేసుంటాడు.”

“సరే, పోనీయండి. ఎడంచేతి కత్తులు ఈ ఊళ్ళో ఎవరు చేస్తారు?”

“ఎవరూ సెయ్యరు. అడిగినోడుంటే గదా సెయ్యడానికి.”

“గురువులు గారు?”

“సెయ్యలేదు. నలభై ఏళ్ళు తిత్తి ఊదింది నాను. నాకు తెలీకుండా ఈ కొలిమిలో మేకు కూడా పుట్టలేదు.”

“ఆయన కత్తి మీద ఏదో గుర్తు వేసేవారట కదా?”

“మూడు సుక్కలు. బయటేస్తే పక్క కొలుములోళ్ళు కూడా ఏసీసుకుంటన్నారని, పిడి లోపలికెల్లే తోక మీద ఏసీవోడు. పిడి ఇప్పితే తప్ప కనబడవు.”

“అయితే విప్పండి.”

“దేనికి? నల్లతుమ్మ పిడి. ఇప్పితే పగిలిపోతాది.”

“పగిలితే కొత్తది వేద్దురు గాని.”

“ఆయనది కాదని సెప్తన్నాను గదా. మళ్ళీ ఇప్పడం దేనికి?”

“కాకపోతే విప్పడానికి ఏం భయమమ్మా?”

“భయమా, నాకా? ఇటియ్యి, ఇప్పుడే తేల్చీద్దాం. రివిట్లు రెండే... ఒకటి ఊడింది... ఇదిగో, రెండోది. రా, నీ కళ్ళతో నువ్వే సూసుకో, ఎక్కడున్నాయో సుక్క...”

“ఏమైందమ్మా?”

“ఏటీ లేదు. తుప్పట్టీసింది. ఏటీ కనబడ్డం లేదు.”

“ఇలా ఇవ్వండి, చూస్తాను.”

“ఉండు, తుడవనీ.”

“కొంగుతో ఎంతసేపు తుడుస్తారు?”

“ఆ ఏడు ఆనందపురం మా అన్న ఇంటికి నన్ను ఆయనే పంపించాడు. పది రోజులుండి రా అన్నాడు. అంతకుముందు ఒక్కపూట ఉండనిచ్చినోడు కాదు. నాను లేకపోతే తిత్తెవరు ఊదుతారంటే, అబ్బులున్నాడు గదా అన్నాడు.”

“ఏ ఏడమ్మా?”

“అబ్బులు మొదటిసారి కేంపుకెల్లిన ఏడు.”

“చుక్కలు ఎన్ని?”

“నాను లేవంటే ఏటి రాత్తావు?”

“లేవని రాస్తాను. ఎడంచేతి కత్తని మీరు చెప్పిందీ రాస్తాను. ఆ చెయ్యి ఎవరిదో తేలదు. పక్కనున్నవాడు కాబట్టి వరహాలు మీదికే పోతుంది.”

“ఉన్నాయంటే అబ్బులు పని పోతాదా?”

“పోతుందమ్మా. దెబ్బ తగిలినందుక్కాదు, అబద్ధం చెప్పినందుకు.”

“ఆ కుంటికాలితో ఆడికి ఇంకెవరిత్తారు పని.”

“నేనేం చెప్పను.”

“మొన్న ఆ పిల్ల ఏడుత్తంటే మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు నాను... రాయి బాబూ. ఈ కత్తి వరహాలుది కాదు. నాను కట్టీసిన సేతికి, నాకు తెలీకుండా, మా ఆయన సేసిచ్చిన కత్తి.”