అక్క ఓటు, తమ్ముడి ఓటు

కాలిఫోర్నియాలోని ఆ చిన్న ఊళ్ళో ఓట్ల రోజు సాయంత్రం. చిన్న దొంగతనాలకు జైలుశిక్ష తగ్గించాలా వద్దా అని రాష్ట్రమంతా ఓటేసింది. తగ్గించొద్దని కౌన్సిలు చేత తీర్మానం చేయించిన మేయరు, తన వంటింట్లో తమ్ముడికి మొక్కజొన్న పిండి తమాలెలు వడ్డిస్తోంది.

"నా మీద కోపంగా ఉందారా?"

"ఎందుకు?"

"దొంగతనానికి జైలుకెళ్ళొచ్చినవాడివి. ఆ తీర్మానం నీకు చెంపదెబ్బే కదా."

"మన వీధిలో రెంటేరియా కొట్టు మూసేసుకునేలా ఉన్నాడక్కా. వచ్చినవాడల్లా చేతికందింది పట్టుకుపోతుంటే మేయరువి నువ్వేం చేస్తావు?"

"ఓటేశావా?"

"వేశా. జైలు నుంచి వచ్చాక మొదటి ఓటు. తగ్గించొద్దనే వేశా."

"పిచ్చోడా, నువ్వెందుకలా వేశావు?"

"ఆ తీర్మానానికి సగం ఊరు నిన్ను తిడుతోంది. నేనూ ఎదురు తిరగనా? అదేంటి, అలా చూస్తావు?"

"నేను తగ్గించమని వేశానురా."

"నువ్వా?"

"తీర్మానం ఊరి కోసం. ఓటు దగ్గరికొచ్చేసరికి, జైలుకి నిన్ను చూడ్డానికొచ్చినప్పుడు అద్దం అవతల కూర్చున్న నువ్వే కనిపించావు."

"అయితే మనిద్దరి ఓట్లూ ఒకదాన్నొకటి తినేశాయి."

"బయటెక్కడా అనకు. మేయరు పదవి ఊడుతుంది."

"ఊడితే ఊడనీ. అక్క పదవి ఉంటుందిగా."