కండెమ్ కాని కాటా – కూర్మనాథం గారి ఒకే ఒక్క మెమో

శ్రీ బమ్మిడి కూర్మనాథం గారు 1971వ సంవత్సరం ఆగస్టు పన్నెండవ తేదీన, చేరవలసిన వేళకు అరగంట ముందుగానే, ఉద్దానం జీడి రైతుల సహకార సమాఖ్య వారి పలాస గోదాములో గేటు గుమాస్తాగా ఉద్యోగ ప్రవేశం చేశారు. గోదాము తాళం ఇంకా తీయనందున ఆ అరగంటా మెట్ల మీద కూర్చున్నారనీ, తాళం తీయడానికి వచ్చిన కాపలాదారు పోలయ్యకు ఆ పూటే సంజాయిషీ నోటీసు ఇచ్చారనీ పెద్దలు చెబుతారు. నోటీసు మీద సంతకం పెట్టే అధికారం గేటు గుమాస్తాకు లేదని ఆయనకు సాయంత్రం తెలిసింది. మర్నాడు పోలయ్యకు క్షమాపణ కూడా రాతపూర్వకంగానే ఇచ్చారు.

నందిగాం దగ్గర వరి రైతు కుటుంబంలో పుట్టిన వారికి జీడిపప్పు సంగతులు తొలుత తెలియకపోయినా, సోదా సంగతి మాత్రం ఆయన క్షుణ్ణంగా నేర్చుకున్నారు. సాయంత్రం గోదాము విడిచే ప్రతి మనిషినీ గేటు దగ్గర తనిఖీ చేయడం ఆనాటి రివాజు. ఆ రివాజు నుంచి మినహాయింపు పొందిన ఏకైక వ్యక్తి కాటాదారు సన్యాసి. వయసులో పెద్దవాడు, మాటలో నిప్పు. అయినా పప్పు పోతూనే ఉండేది. నాలుగు నెలలపాటు కూర్మనాథం గారు మిగతా అందరినీ సోదా చేసి, చివరకు తన జేబులు కూడా పోలయ్య చేత వెతికించుకుని, ఏమీ దొరకక నిద్రాహారాలు మానుకునే స్థితికి వచ్చారు. ఒకనాడు సన్యాసి తూనికరాళ్ల బుట్ట చేయి జారి గేటులోనే బోర్లాపడితే, గుడ్డ అడుగు నుంచి పప్పు పొట్లాలు బయటపడ్డాయి. మరెవరో లోపల పెడుతున్నారు, గేటు అవతల టీ బడ్డీ దగ్గర తీసుకుంటున్నారు. మోసేవాడికి మాత్రం తెలియదు.

"నన్నెవులూ సూడరని ఆళ్లకి తెలుసు బాబూ. నాకే తెల్దు," అని సన్యాసి కన్నీళ్లు పెట్టుకున్నాడు.

1983లో సీనియర్ గుమాస్తాగా టెక్కలికి, 1992లో శాఖా మేనేజరుగా సోంపేటకు వెళ్లిన కూర్మనాథం గారు ఉభయత్రా నియమావళిని కంటికి రెప్పలా కాపాడారు. స్టాకు రిజిస్టరులో ఉన్న వస్తువును కండెమ్ కమిటీ పనికిరానిదని తీర్మానించి కొట్టివేసేవరకు, అది విరిగినా, కాలినా, చెదలు తిన్నా, ఉన్నట్టే లెక్క. టెక్కలిలో మూడుకాళ్ల కుర్చీ ఒకటి ఆ విధంగా తొమ్మిదేళ్లు సేవలందించింది, ముగ్గురు సందర్శకులను పడవేసింది. ఇంతటి నిష్ఠ వలన ఆయన సర్వీసు రిజిస్టరులో అభినందనలు పదకొండు చేరాయి, మందలింపు మెమో ఒక్కటీ లేదు. ఇంటికి చుట్టాలొస్తే మంచినీళ్లకంటే ముందు ఆ విషయమే అందుతుందని ఆయన శ్రీమతి సీతారత్నం గారు చెబుతుంటారు. మచ్చలేని ఆ పుస్తకంతో పదవీ విరమణ చేయాలన్నది ఆయన జీవితాశయం.

1998లో సూపరింటెండెంటుగా పలాస ప్రధాన కార్యాలయానికి వచ్చేసరికి అక్కడ కంప్యూటరు ఉంది, మరుసటి ఏడు ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది. ఈ రెండింటికీ మాట కలపడానికి కంప్యూటరులో వేసే చిన్న ప్రోగ్రామును డ్రైవరు అంటారని విని, కూర్మనాథం గారు దానిని కూడా స్టాకు రిజిస్టరులో "డ్రైవరు – ఒకటి – స్థితి: మంచిది" అని నమోదు చేశారు. 2003లో కాటా చచ్చింది. కమిటీ సమావేశం కాలేదు గనుక కాటా గోదాములోనూ, డ్రైవరు కంప్యూటరులోనూ ఉండిపోయాయి.

మరుసటి సంవత్సరం కంప్యూటరు ఆపరేటరుగా కాంట్రాక్టు పద్ధతిపై కుమారి హిమజ చేరారు. ఉద్దానం తీరంలోని మత్స్యకార కుటుంబం వారిది. తల్లి అమ్ములు సోంపేట సంతలో ఎండుచేపలు అమ్మి చదివించింది. చేరిన నెలలోనే హిమజ ఆ డ్రైవరును తీసేయాలని కోరారు.

"అది కంప్యూటరు కెర్నెల్‌లో, అంటే నడిగర్భంలో కూకుంటాది సార్. అన్ని గదుల తాళాలూ దాని కాడే ఉంటాయి. పాతబడిపోనాది, దాన్లో కన్నం ఉందని కంపెనీవోలే రాసినారు. ఎవుడైనా ఆ కన్నంలోంచి దూరితే మనకి తెల్దు."

ఎగుమతి డబ్బాల మీద జీడిపప్పుకు కెర్నెల్ అన్న మాట ముప్పై ఏళ్లుగా చూస్తున్న కూర్మనాథం గారు, కంప్యూటరులోనూ మన సరుకే ఉందని సంతోషించారే గాని, తక్కినది చెవిని వేసుకోలేదు. "కాటా కండెమ్ కానంతవరకు తత్సంబంధిత డ్రైవరును తొలగించుటకు వీలులేదు" అని ఫైలుపై రాసి, తేదీతో సహా సంతకం చేశారు.

2006 జూన్‌లో జీడిమొక్కల పంపిణీకి నాలుగు వేల మంది సభ్యుల జాబితా శుక్రవారంలోగా సిద్ధం కావలసి ఉండగా, సోమవారం నాడు ఎవరో ఒక పెన్‌డ్రైవులో గృహప్రవేశం ఫొటోలు ప్రింటు తీయించుకోవడానికి తెచ్చారు. ఎవరన్నది కూర్మనాథం గారు ఏనాడూ చెప్పలేదు కనుక ఈ వ్యాసమూ చెప్పదు. ఫొటోలు చక్కగా వచ్చాయి. వాటిలో అప్పటి అధ్యక్షుల వారు పట్టుపంచెలో మరీ చక్కగా ఉన్నారు.

మంగళవారం ఉదయానికి కంప్యూటరు తెర నీలంగా మారి మూగబోయింది. హిమజ మూడుసార్లు వైరస్‌ను తుడిచారు. మూడుసార్లూ అది తిరిగి లేచి, తనను తుడిచే ప్రోగ్రామునే చంపింది. బుధవారం సాయంత్రం అధ్యక్షుల వారు గుమ్మంలో నిలబడి తీర్పు చెప్పారు.

"ఆ పిల్లకి పనిరాదు. శుక్రారం మీటింగులో తీసీమని రాసీండి."

ఆయన వెళ్లాక హిమజ కంప్యూటరు ముందు నుంచి కదలలేదు. "కాపలా ప్రోగ్రాము అందర్నీ సూత్తంది సార్. అయినా లోపల్నుంచి ఎవులో తలుపు తీత్తన్నట్టే ఉంది," అన్నారు.

కూర్మనాథం గారు తొలగింపు కాగితంపై పెట్టబోయిన సంతకం ఆపారు. "గేటు కాడ అది సోదా సెయ్యనోడు ఎవుడమ్మా?"

"కంపెనీ సంతకం ఉన్నోల్ని సెయ్యదు."

"అలాటోడు మన కాడ ఎవుడున్నాడు?"

హిమజ రెండేళ్ల కిందటి ఫైలు తీసి ఆయన ముందు పెట్టారు. పాత కాటా డ్రైవరు దొంగ కాదు. దాని కన్నంలోంచి వైరస్ నడిగర్భానికి చేరుతోంది, అంతే. పప్పు పొట్లాలు మోసిన సన్యాసికి తెలియనట్టే దానికీ తెలియదు. కూర్మనాథం గారు తన సంతకాన్ని చాలాసేపు చూశారు. తర్వాత స్టాకు రిజిస్టరు తెప్పించి, కమిటీ లేకుండా, తీర్మానం లేకుండా, ఆ డ్రైవరు వరుసను ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశారు. ముప్పై అయిదేళ్లలో ఆయన నియమం తప్పడం అదే మొదలు.

డ్రైవరును తీసివేశాక నాలుగోసారి తుడిస్తే వైరస్ మళ్లీ లేవలేదు. శుక్రవారం మధ్యాహ్నానికి జాబితా ముద్రణ పూర్తయింది. అయినా మీటింగులో హిమజ తొలగింపు ప్రతిపాదన అలాగే ఉంది, ఎవరో ఒకరిది తప్పు కావాలి కదా. పెన్‌డ్రైవు పేరెత్తే నోరు అక్కడ ఎవరికీ లేదు. కూర్మనాథం గారు లేచి ఒక కాగితం అందించారు.

"దొంగని ఎవులు తెచ్చేరో నాకు అనవసరం. తలుపు తీసుంచింది నాను. మూసీమని ఆ అమ్మి ముందే సెప్పింది, వద్దని నానే రాసేను. సంతకం నాదే. మెమో నాకివ్వండి."

అధ్యక్షుల వారు కాసేపు గోడ గడియారం చూశారు. "రెండేళ్లలో రిటైరవుతారు. మీ రిజిస్టరు పాడైపోద్ది కదా మావా," అన్నారు మెల్లగా.

"అవనీండి. ఆ అమ్మికి ఇంకా రిజిస్టరే మొదలవలేదు."

మెమో ఇచ్చారు. హిమజ ఉద్యోగం నిలిచింది. నిరుడు ఆమె పర్మనెంటు కూడా అయ్యారు. కండెమ్ కమిటీ కూడా, ఇక ఆగితే ప్రమాదమని గ్రహించి, ఆ నెలలోనే సమావేశమైంది.

ఈ 2008 జూలై ముప్పై ఒకటిన విరమణ చేస్తున్న సందర్భంగా ఈ వీడ్కోలు సంచికలో వేయడానికి అభినందన పత్రాలు ఇమ్మని అడగగా, కూర్మనాథం గారు పదకొండింటినీ పక్కన పెట్టి మెమో నకలు ఒక్కటే ఇచ్చారు. ఇదెందుకండీ అని సంపాదకవర్గం మొహమాటపడింది.

"మిగతావన్నీ ఆళ్లంతట ఆళ్లు ఇచ్చినవి. ఇదొక్కటే నానడిగి తెచ్చుకున్నాది," అన్నారు.

వారి కోరిక మేరకు ఆ మెమోను ఎదుటి పుటలో ముద్రించాం. శ్రీ కూర్మనాథం గారు సీతారత్నం గారితో కలసి, మోకాళ్ల నొప్పులూ మందుల సంచులూ లేకుండా, కంటినిండా నిద్రతో, నిండు నూరేళ్లు హాయిగా జీవించాలని సమాఖ్య సిబ్బంది అందరి తరఫునా, తన పేరు అందరికంటే ముందు రాయమని పట్టుబట్టిన హిమజ తరఫునా మనసారా కోరుకుంటున్నాం.