మిక్సి సప్పుడు

"గట్ల ఒత్తకు, ఇర్గుతది."

"ఒత్తకపోతె పడ్తలేదు అత్తమ్మా."

కామారెడ్డిలో ఒక మేడమీది అద్దిల్లు. వంటగట్టు ముందు సుధారాణి మిక్సీ మూతతో తిప్పలు పడుతోంది. రాజంపేట నుంచి కొడుకింటికి వచ్చిన నర్సవ్వ పక్కనే పీట మీద కూర్చుని కోడలి చేతులనే చూస్తోంది. కొడుకు నగేశ్ బైకుల షోరూంకు పోయి ఎంతోసేపు కాలేదు.

"మూత లేకుంటనే తిప్పరాదు? నేను పళ్లెం అడ్డం పెడ్త."

"తిరగదు. మూత పడి టక్కుమంటెనే గిది తిరుగుతది. గట్లనే చేసిండ్రు దీన్ని."

"నిన్న తిరగనిది గందుకేనా?"

"ఆ."

"వానికి చెప్పకపోయినవా?"

"చెప్పిన. ఫోన్ల చెప్పిన. ఇంటికి ఉరికొచ్చినంక గూడ చెప్పిన. మూత పడలే, సప్పుడు రాలే, నేను ఎటు పోలే, ఇంట్లనే ఉన్న అని. మీరు పాలకు పోయిండ్రు. నేను ఇంట్లనే ఉన్ననని ఎవలు చెప్పాలె?"

"ఇంట్ల ఉన్నవా లేవా చూసెటందుకు మిక్సి సప్పుడేందో! నాకైతె సమజ్ కాదు. బొమ్మ కనబడే ఫోన్ ఉండె గదా నీకు?"

"గుంజుకున్నడు గదా. ఎవలతోనో మాట్లాడుతున్న అని. ఈ బటన్ల ఫోన్ల ముఖం కనబడది. అందుకే మిక్సి తిప్పుమంటడు. ఇనబడ్తె నేను వంటింట్ల ఉన్నట్టు."

"చట్నీ పట్టుడు అయిపోతెనో?"

"ఒట్టి నీళ్లు పోసి తిప్పుత."

"ఒట్టి నీళ్లా?"

"పొద్దున ఒకసారి చట్నీ పడ్త. తర్వాతయన్నీ నీళ్లే."

"ఇటు తిరుగు. చెంప మీదేంది?"

"ఏం లేదు."

"ఏం లేదంటవేంది? తిరుగు."

"తలుపు తాకింది అత్తమ్మా."

"తలుపుకు చేతి ఏళ్లుంటయా?"

"రబ్బరు చూడుండ్రి, ఉబ్బినట్టు లేదా? నూనె తాకి ఉబ్బింది గావచ్చు."

"మాట మార్చకు సుధా."

"మారుస్తలేను. ఆయన ఫోన్ చేసేటాళ్లకు ఇది పడాలె. మిగిలినయి తర్వాత. ముందు ఇది పడాలె."

"తే, ఇటియ్యి. రబ్బరు తీసి చూస్త. అయ్యో, సందులల్ల గీ నల్లదంత ఏంది?"

"పాత చట్నీ. ఎండిపోయింది. ఆ పళ్లు తోముకునే పాత బ్రష్ ఇయ్యుండ్రి. వేడినీళ్లు గూడ."

"ఇగో. మెల్లగ రుద్దు. ఆ మూలకు గూడ."

"పోయింది, సాఫైంది."

"ఇగ రబ్బరు ఏసెయ్యి. అట్ల కాదు, అట్ల కాదు! ఉల్టా పెడ్తున్నవు. సన్నదిక్కు లోపటికి పోవాలె."

"మీకెట్ల ఎరుక?"

"కుక్కర్‌కు ఉండదా గిసోంటిది? అదే తీరు. ఆ, ఇప్పుడు తిప్పు."

"పడ్డది! అత్తమ్మా, పడ్డది. టక్కుమన్నది, ఇన్నరా?"

"ఇన్న. మల్ల తియ్యి."

"ఎందుకు? పడ్డది గదా!"

"తీసి నా చేతికియ్యి. నేను పెడ్త."

"మీరు మిక్సి ముట్టరు గదా! షాక్ కొడ్తదని స్విచ్చు గూడ ఎయ్యరు."

"ఇయ్యాల ముడ్త. ఎటు తిప్పాలె?"

"కుడి దిక్కు. ఈ చెవి ఆ గీతకు కలవాలె. ఊహూ, ఇంకా. ఇంకా జర."

"ఏళ్లల్ల బలం లేదే."

"ఇడిసిపెట్టుండ్రి. నేనున్న గదా."

"నువ్వు లేకుంటెనో?"

"నేనెటు పోత అత్తమ్మా? పాలపాకిట్‌కు గూడ మీరే పోతున్నరు."

అప్పుడే గట్టు మీది బటన్ల ఫోను మోగింది. నగేశ్.

"ఏం చేస్తున్నవ్?"

"చట్నీ పడుతున్న."

"ఇనిపించు."

"ఇగో."

"ఆపకు. ఊ, సాలు. నిన్న పడని మూత ఇయ్యాల ఎట్ల పడ్డది?"

"రబ్బరు సందులల్ల చట్నీ ఎండి ఉండె, తోమిన."

"నాకే చెప్తున్నవా కతలు? అవ్వకియ్యి ఫోన్."

"ఏంది నగేశా?"

"అవ్వా, కిటికీ కాడ నిలబడ్తుందా అది?"

"పొయ్యికాడ ఉన్నది."

"నేను నిజాంబాద్ పోతున్న, కొత్త బండ్లు తేవాలె. వచ్చేటాళ్లకు పొద్దుగూకుతది. దాన్ని చూసుకో. నడుమ నడుమ చేస్త. చేసినప్పుడల్లా సప్పుడు ఇనబడాలె."

"సరే. పైలంగ పోయిరా."

"పెట్టేసిండా అత్తమ్మా?"

"పెట్టేసిండు. మూత తియ్యి, మల్లొకసారి నేర్పు."

"ఎందుకంట? ఈ వంటిల్లు గూడ నా చేతుల నుంచి తీసుకుంటరా? ఇదొక్కటే ఉన్నది నాకు ఈ ఇంట్ల."

"నేర్పు అంటున్న గదా. కుడి దిక్కు. చెవి గీతకు. అరచేతితోని ఒత్తాలె, ఏళ్లతోని కాదు. పడ్డది! చూసినవా? నా చేతితోని పడ్డది. ఇంకోసారి. ఇగో, మల్ల పడ్డది. సుధా, మీ అక్క ఎల్లారెడ్డిలనే గదా?"

"ఆ, ఆడనే. ఎందుకు?"

"ఏం లేదు. నీ అవస్థ చూసి, పొద్దుగాల పాలకు పోయినప్పుడు నా ఫోన్ల ఆమెతోని మాట్లాడిన."

"మహేశ్వరక్కతోనా? బతుకమ్మ పండుగ సంది నన్నే మాట్లాడనిస్తలేడు. మీరేం మాట్లాడిండ్రు?"

"ఎల్లారెడ్డి బస్టాండ్ కాడ నిలబడు, నీ చెల్లె వస్తది, తీసుకపో అన్న."

"ఏంది?"

"నువ్వు పో బిడ్డా. ఇప్పుడే."

"ఆయన చెప్పిండా మీకు?"

"ఏం చెప్పుడు?"

"గిట్ల అడుగుమని. పోత అంటదా, పోను అంటదా చూడుమని చెప్పిండా? నేను పోను. నేను పోత అనలే అత్తమ్మా. మీరే అన్నరు, నేను అనలే."

"సుధా!"

"నేను అనలే!"

"నువ్వు అనలే. నేనే అన్న. మెల్లగ మాట్లాడు, ఎవలన్న ఇంటరు. ఇగో, ఇది చూడు."

"నా ఆధార్ కార్డు! ఎక్కడిది?"

"బీరువల వాని అంగీల కింద పెట్టిండు. బస్సుల ఇది చూపియ్యి. ఆడోళ్లకు టికెట్ లేదు గదా."

"ఫోన్ వస్తెనో? సప్పుడు ఇనబడకపోతె నిన్నటి తీరే..."

"మరి మూత పెట్టుడు ఎందుకు నేర్చుకున్న అనుకున్నవు?"

"అత్తమ్మా..."

"కూసోకు. కూసుంటె లెవ్వవు."

"ఆయన మీ కొడుకు అత్తమ్మా."

"నా కొడుకే. సుధకు తోడుంటవు రావే అవ్వా అని తోలుకొచ్చిండు నన్ను. తోడు కాదు, కాపలా అని వచ్చినంక ఎరుకైంది. నేనైతె తోడుకే వచ్చిన."

"మీరు గూడ రాండ్రి. ఇద్దరం పోదాం."

"ఇద్దరం పోతె మిక్సి ఎవలు తిప్పాలె?"

"మిమ్మల్ని ఏమన్న చేస్తెనో?"

"చెప్పులేసుకో."

"ఏమన్న చేస్తె అత్తమ్మా?"

"చున్నీ ఇటు గుంజుకో, చెంప కనబడకుంట. ఎవలన్న అడిగితె దవాఖానకు పోతున్న అను. పో."

"ఎక్కువసేపు తిప్పితె మోటరు వేడెక్కుతది. జర ఆపి ఆపి..."

"నాకు ఎరుకేగని, పో బిడ్డా."

సుధారాణి మెట్లు దిగి వెళ్లిపోయింది. నర్సవ్వ జార్‌లో చెంబెడు నీళ్లు పోసి, మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూసుకుంది. సుధారాణి వదిలివెళ్లిన బటన్ల ఫోను మోగేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

"నువ్వెత్తినవేంది అవ్వా? అదేది?"

"ఈడనే. చేతులకు కారం ఉన్నది."

"ఇనిపించు."

"ఉండు. ఉండురా, మూత..."

"మూతకేమైంది?"

"ఏం కాలే. ఇగో, ఇన్నవా?"

"ఇన్న. ఏం పడుతుంది?"

"కొబ్బరి."

"పొద్దటిసంది ఏం పడుతున్నరే గంతగనం?"

"నువ్వు అడిగినప్పుడల్లా పడుతుంది."

"ఊ. బండ్లు ఎక్కిస్తున్నరు, మల్ల చేస్త. అప్పుడు దాన్నే ఎత్తుమను."

మధ్యాహ్నం దాటాక ఈసారి నర్సవ్వ సొంత ఫోను మోగింది.

"అత్తమ్మా, నేను."

"దిగినవా?"

"దిగిన. అక్క ఈడనే ఉన్నది, నా చెయ్యి ఇడిసిపెడ్తలేదు. ఆయన చేసిండా?"

"చేసిండు."

"మూత పడ్డదా?"

"పడ్డది. ఏమన్న తిన్నవా?"

"లేదు. మీరు?"

"నువ్వు తిను ముందు."

"అత్తమ్మా, ఆయన వచ్చేలోపట మీరు గూడ రాజంపేట పోండ్రి. ఇప్పుడే బయలెల్లుండ్రి. ఇంటున్నరా?"

"ఇంటున్న. పెట్టెయ్యి సుధా. ఆ ఫోన్ మోగుతుంది."

"ఎత్తకుండ్రి!"

"పెట్టెయ్యి బిడ్డా. హలో, నగేశా."

"మల్ల నువ్వేనా? దాన్ని ఎత్తుమని చెప్పిన గదా!"

"సప్పుడు ఇంటవా?"

"ఇనిపించు."

"ఇను."

"ఊ. సాలు. ఆపుమని దానికియ్యి ఫోన్."

"ఆపిన."

"నువ్వు ఆపుడేంది? దానికియ్యి అంటున్న!"

"పొద్దటిసంది తిప్పుతున్నది నేనే నగేశా. సుధ ఎల్లారెడ్డిల దిగింది. నువ్వు ఇంటికి రా, తలుపు తీసే ఉంచిన."