దగ్గు ముచ్చట్ల గ్రూపు

ఎన్నికల్లో పార్టీ ఓడిపోయిన కొన్నాళ్లకు, కేతేపల్లి దగ్గరి ఒక ఊళ్లో, ఆ పార్టీ మహిళల వాట్సాప్ గ్రూపు నడిపే పిల్లతల్లి ఇంటికి పార్టీ మండల నాయకుడు వచ్చాడు.

“ఓడిపోంగనే అందరు గ్రూపుల్నుంచి పోయిండ్రు గద చెల్లె. మళ్ల గింతమంది ఎట్లొచ్చిండ్రు?”

“పిల్లగానికి దగ్గు తగ్గుతలేదని మా అక్కకు పెట్టబోయి, గాబరాల గ్రూపుల పెట్టిన అన్నా. ఉన్న నలుగురు ఊరంతా చెప్పిండ్రు. అందరిండ్లల్ల గదే దగ్గు.”

“మంచిగైంది. ఇగ మన పార్టీ సారు స్పీచు పెట్టు.”

“పెడితే మళ్ల పోతరు. రాత్రి పిల్లగాడు ఊపిరాడక ఎగపోస్తే నేనెవర్ని అడగాలె?”

“పార్టీ గ్రూపుల పార్టీ ముచ్చటే లేకుంటే ఎట్లనే?”

“ఊరి దవాఖాన తాళం తీస్తలేరు. సోమవారం పిల్లల్ని ఎత్తుకొని పోయి దాని ముందట ధర్నాకు కూసుంటున్నం. నువ్వు గూడ రా.”

“ఓడినోళ్లం, ఇప్పుడు మా మాట ఎవరింటరు?”

“గెలిచినప్పుడు మా మాట మీరిన్నరా అన్నా?”



“సరే, వస్త. మైకు తేవాల్నా, జెండాలు తేవాల్నా?”

“టెంటు తే. ఆడ నీడ లేదు, పిల్లలు ఎండకు ఆగరు.”