పోలరాజు ఇంటి బడి

తొమ్మిదో క్లాసు చదివే కూతుర్ని బడి మాన్పించి తానే ఇంట్లో చదువు చెబుతున్నానని పోలరాజు ఉక్కు ప్లాంటు కార్మికులుండే బర్మామైన్స్ పేటంతా చాటుకుని వారం దాటింది. లెక్కల టీచరు జ్ఞానరత్నానికి అది మింగుడుపడలేదు. ఆదివారం చర్చి నుంచి నేరుగా రిక్షా కట్టించుకుని, సంగతి తేల్చుకోవడానికి అతని క్వార్టరుకే వచ్చింది. పోలరాజు భార్య సన్యాసమ్మ చెల్లెల్ని చూడ్డానికి భాలుబాసా వెళ్ళింది. కూతురు పద్మకుమారి వంటగదిలో ఉంది. వీధి గదిలో మాటలు అప్పటికే వేడెక్కాయి.

"అంటే మీ బడి ఎన్నింటికి మొదలవుతుందో మీకే తెలీదంటారు."

"తెలీక కాదు టీచరమ్మా. 'ఏ' షిఫ్టు వారం పొద్దున్న నాను డూటీకెల్లిపోతాను గదా, అప్పుడు బడి మజ్జాన్నం. బీ షిఫ్టు వారం బడి పొద్దున్న. సీ షిఫ్టు వారమైతే..."

"సీ షిఫ్టు వారమైతే?"

"నాను నిద్దర లేచినప్పుడు."

"పిల్ల చదువుకి కూడా షిఫ్టులే అన్నమాట."

"ప్లాంటంతా అలగే నడుత్తంది గదమ్మా. షిఫ్టుల్లో ఇనుమే కరుగుతంటే లెక్కలు రావేటి?"

"పోలరాజు గారూ, నేను హాస్యానికి రాలేదు. రేపు సోమవారం. రేపు కూడా పద్మ రాకపోతే పెద్ద టీచరుగారు పేరు కొట్టేస్తారు. ఒకసారి కొట్టేశాక ఈ ఏడు మళ్ళీ చేర్చుకోరు. నేను కాళ్ళావేళ్ళా పడి ఇన్నాళ్ళు ఆపాను."

"మీ మంచితనం నాకు తెల్దేటి. కూకోండి ముందు."

"కూర్చునే ఉన్నాను. అసలు మీకు మా బడిలో వచ్చిన ఇబ్బందేమిటి?"

"బడిలో ఏటీ లేదమ్మా. దారిలో. డూటీ వదిలినప్పుడు గేటుకాడ సైకిళ్ళు సూసారా మీరు? గండి పడ్డట్టు వత్తాయి. ఆటి మజ్జినించి ఆడపిల్ల సాక్చి బడికెల్లి రావాల."

"ఆరో క్లాసు నుంచీ అదే దారిన వస్తోంది. మీకు ఆ సైకిళ్ళు ఇప్పుడు కనిపించాయా?"

"ఇప్పుడు ఎక్కువైపోనాయమ్మా."

"సరే, ఇంకేమిటి?"

"మీ కిలాసులో ఎంతమంది?"

"యాభై మంది పైనే."

"సూసారా. అక్కడ యాబైమందికి మీరొక్కరు. ఇక్కడ ఒక్క గుంటకి నానొక్కణ్ణి."

"అది మాత్రం నిజం, ఒప్పుకుంటాను. వెనక బెంచీ పిల్లల్లో కొందరికి ఏం వచ్చో ఏం రాదో నాకు పరీక్షలయ్యేదాకా తెలియదు. మరి సైన్సు మాటేమిటి? మా బడిలో గాజు గొట్టాలున్నాయి, స్పిరిట్ దీపాలున్నాయి."

"నాను బ్లాస్టు ఫర్నేసు సూపింతాను. దూరంనించే అనుకోండి. మీ బళ్ళో ఉందేటి బ్లాస్టు ఫర్నేసు?"

"లేదు."

"మరదే."

"ఇంగ్లీషో?"

"పక్కింటి కృపారావు గారు సెప్తారు. రైలు గార్డు గదా, మొత్తం ఇంగిలీసులోనే రాసుకుంటారు."

"ఈ వారం ఏం చెప్పారు?"

"ఈ వారం ఆయన లైన్ మీదున్నారు. చక్రధర్‌పూర్ ఎల్లారు."

"బాగుంది. పోనీ హిందీ?"

"అమ్మా, దానికి హిందీ నేర్పడమేటి? అదే గదా నా ఏడుపు. నాను తెలుగులో ఏటడిగినా హిందీలోనే జవాబిత్తాది. ఇంటికాడ ఉంటే నాలుగు తెలుగు ముక్కలన్నా వత్తాయి. పద్దూ, ఒకపాలి ఇలగ రాయే. టీచరమ్మకి నమస్కారం సెప్పు."

"అభీ ఆయీ, నాన్నా."

"ఇన్నారా?"

"విన్నాను. అదీ ఒప్పుకుంటాను. మీరు ఎంతవరకు చదువుకున్నారు పోలరాజు గారూ?"

"నానా? అయిదు పాసు. ఆరు పోనాది. పోడమంటే, పరీచ్చనాడు జొరమొచ్చింది."

"మరి తొమ్మిదో క్లాసు లెక్కలు ఎలా చెబుతున్నారు?"

"నాను సెప్పడమేటమ్మా. దానిసేతే సెప్పింతాను. పిల్లకి వచ్చిందో రాలేదో తెలవాలంటే దాని నోటంట రావాల."

"మంచి పద్ధతే."

"ఒకసారి సెప్పాక, మళ్ళీ సెప్పమంటాను. అప్పటికీ అర్దం కాకపోతే మూడోపాలి సెప్పింతాను."

"ఎవరికి అర్థం కాకపోతే?"

"దానికేనమ్మా. ఇంకెవులికి?"

"ఊఁ. తరవాత?"

"తరవాత అదే లెక్క నాను పలకమీద సేత్తాను. సరిసూడాల గదా. పద్దూ, టీ ఏదే? టీచరమ్మ వచ్చి ఎంతసేపైంది?"

"దూధ్ నహీఁ హై నాన్నా. పిల్లి తాగేసింది."

"పిల్లా?"

"హాఁ నాన్నా. ఇప్పుడే."

"అలగా. సరే, ఒక్క నిమిసం టీచరమ్మా. ఖటాల్‌కెల్లి గేదె పాలు పట్టుకొచ్చేత్తాను. మన మాట ఇంకా అవలేదు, ఎల్లిపోకండి."

పోలరాజు చెంబు పట్టుకుని వీధిలోకి వెళ్ళాడు. అతను మలుపు తిరిగేదాకా ఆగి పద్మకుమారి వీధి గదిలోకి వచ్చింది.

"టీచర్, కొంచెం మెల్లగా మాట్లాడండి. పాలు ఉన్నాయి. బుట్ట కింద దాచాను."

"నిన్ను చూస్తే ఇంత టక్కరిదానివని ఎవరూ అనుకోరు. చెప్పు, బడికి రావాలని లేదా నీకు?"

"ఉంది."

"అయితే ఆ ముక్క మీ నాన్నతో చెప్పు."

"చెప్పను."

"కొడతారా?"

"నాన్నా? దోమ కుడితే దాన్ని కూడా బతిమాలి పంపిస్తాడు."

"మరి ఎందుకు చెప్పవు?"

"చెబితే మీరు ఎవరితోనూ అనకూడదు. యేసు మీద ఒట్టు వెయ్యండి."

"మేం ఒట్లు వెయ్యకూడదమ్మా."

"అయితే ఊరికే చెప్పండి."

"అనను. చెప్పు."

"టెస్టు నాన్నకి. కొత్త మిల్లులో ఛార్జ్‌మేన్ పని ఖాళీ ఉంది. ఇన్నాళ్ళూ చేతి పని చూసి ఇచ్చేవాళ్ళట, ఇప్పుడు రాత పరీక్ష పెట్టారు. భిన్నాలు, దశాంశాలు, కొంచెం ఇంగ్లీషు. నాన్న ఇనప బద్ద మీద వేలు పెట్టి ఎన్ని సూత్‌లో చెప్పేస్తాడు, ఇంచిలో ఎనిమిదో వంతుని వాళ్ళు సూత్ అంటారు. కానీ అదే కాగితం మీద రాయమంటే రాయలేడు."

"ఇదంతా మీ నాన్న చెప్పారా?"

"నాన్న ఎవరికీ చెప్పలేదు. ధర్మరాజు మామయ్య అమ్మతో అంటుంటే విన్నాను."

"కంపెనీలో పెద్దవాళ్ళకి సాయంత్రం బడి నడుపుతున్నారుగా. అక్కడికి వెళ్ళొచ్చుగా ఆయన?"

"అందులో కూర్మారావు ఉన్నాడు టీచర్. నాన్న ముఠాలో కలాసీ. నాన్న డ్యూటీలో పొద్దస్తమానం అతన్ని 'బుర్రలేనోడా' అని తిడతాడు. ఇప్పుడెళ్ళి అతని పక్కన బెంచీ మీద ఎలా కూర్చుంటాడు?"

"అందుకని నిన్ను బడి మాన్పించి నీ పక్కన కూర్చున్నారన్నమాట."

"మీరు నవ్వకూడదు."

"నవ్వడం లేదు. సరే, నవ్వాను. తప్పే."

"నాకు తెలుసని నాన్నకి తెలీదు టీచర్. తెలిస్తే సిగ్గుతో అన్నం కూడా తినడు. అందుకే నాకు ఏమీ రానట్టు అడుగుతాను. 'నాన్నా, ముందు కింది అంకెలు సమానం చెయ్యాలి, అంతేనా?' అంటాను. 'ఆఁ, అంతే' అంటాడు. మర్నాడు అదే లెక్క నాకు నేర్పుతాడు, రాత్రికి రాత్రి తనే కనిపెట్టినట్టు. అప్పుడు నాన్న మొహం చూడాలి మీరు."

"పరీక్ష ఎప్పుడు?"

"దీపావళి వెళ్ళాక."

"అప్పటికి బడిలో నీ పేరుండదు పద్మా."

"ఇంట్లో చదువుకుని ప్రైవేటుగా మెట్రిక్ కట్టొచ్చు కదా."

"కట్టొచ్చు. కట్టి పాసైన ఆడపిల్లలు నాకు తెలుసు. ఇంట్లో అయితే గంట కొట్టేవాళ్ళుండరు, నచ్చిన లెక్క దగ్గర పూటంతా కూర్చోవచ్చు. అది తక్కువ సుఖం కాదు. కానీ పక్కన నీకంటే బాగా చేసే పిల్ల ఒకతి ఉండాలి. దాన్ని చూసి నీకు ఒళ్ళు మండాలి. ఆ మంట ఇంట్లో దొరకదు."

"నాకంటే బాగా ఎవరు చేస్తారు?"

"ఇప్పుడు జయకుమారి. నిన్న లెక్కల్లో తనే ఫస్టు."

"జయా? దానికి గుణకారమే సరిగా రాదు టీచర్."

"నువ్వు లేవుగా మరి."

పద్మకుమారి కళ్ళు తుడుచుకుంది.

"ఏడుస్తున్నావా?"

"నహీఁ. పొగ."

"ఇంకా పొయ్యే వెలిగించలేదు కదమ్మా."

"ఇప్పుడు వెలిగిస్తాను. నాన్న వస్తున్నాడు. మీరు నాకు మాటిచ్చారు, గుర్తుంచుకోండి."

చెంబుతో తిరిగొచ్చిన పోలరాజు కూతురి మొహంలోకీ టీచరు మొహంలోకీ ఒకసారి చూశాడు.

"పద్దూ, ఇయ్యి పాలు. బేగి టీ పెట్టు. తలుపు దగ్గిరికేసుకో, టీచరమ్మకి పొగ పడదు."

"జీ నాన్నా."

"ఏటన్నాదమ్మా మా గుంట?"

"ఏమీ అనలేదు. ఇంటి చదువే బాగుందంది."

"అంతేనా?"

"అంతే. ఖటాల్ ఇంత దగ్గరా? చాలా త్వరగా వచ్చేశారు."

"ఖటాల్‌కి ఎల్లలేదమ్మా. మలుపుదాకా ఎల్లి, ఎనక్కొచ్చి పక్కింటి మార్తమ్మ గారికాడ పుచ్చుకుని ఆరి గుమ్మంలోనే నిలబడ్డాను. మాకు పిల్లి లేదు టీచరమ్మా. ఈ లైన్లో ఎవులికీ లేదు. దానికి మీతో ఏదో సెప్పుకోవాలని ఉంది గావాల అనీసి ఎల్లాను."

"ఓహో."

"నాకు టెస్టుందని సెప్పీసింది గదూ?"

"నాతో ఏ టెస్టు గురించీ చెప్పలేదు."

"మీకు అబద్దం సేతకాదమ్మా. సెవులు ఎర్రగైపోనాయి."

"పోలరాజు గారూ, నేను మాటిచ్చాను. నన్ను అడక్కండి."

"అడగను. నానే సెప్తాను. నిన్న ఒక లెక్క సేసాం. కడ్డీ పొడుగు ఎంతొత్తాదని. దాని జవాబొకటి, నాదొకటి. నాది తప్పని రాసిన సిటంలోనే తెలిసిపోనాది. అంత పొడుగు కడ్డీ మిల్లులో పుడితే అవతలి గోడ బద్దలైపోద్ది. అయినా ఊరుకున్నాను. తప్పు నాన్నా అంటాది గదా, అప్పుడు నవ్వుకుందామనుకున్నాను."

"అనలేదా?"

"'నువ్వే రైటు నాన్నా, నేనే తప్పు సేసాను' అన్నాది. అనీసి తన లెక్క సేత్తో సెరిపేసింది. సరైన లెక్కమ్మా. నవ్వుతానే సెరిపేసింది. అది నా పరువు నిలబెడతందని అప్పుడు తెలిసింది నాకు. అంతకుముందు దినాలన్నీ కూడా అంతేనని తెలిసింది. నాకు తెగ ముద్దొచ్చింది. ఆ ఎంటనే బయమేసింది. మీ బళ్ళో తప్పయితే తప్పంటారు, రైటయితే రైటంటారు. ఈ ఇంట్లో నా మొకం సిన్నబోకూడదని అది తన రైటు సెరుపుకుంటంది. ఇలగే ఏడాదిపాటు సెరుపుకుంటా పోతే దానికేటి మిగుల్తాది టీచరమ్మా?"

"నేను ఇంతసేపు వెతుక్కుంటున్న మాట అదేనండీ. నాకు దొరకలేదు, మీకు దొరికింది."

"దొరికి ఏటి లాభం. నిన్నటేలనుంచి ముద్ద దిగడం లేదు."

"నిన్ననే మనసు మారితే, మరి నేను వచ్చినప్పటి నుంచీ సైకిళ్ళనీ ఫర్నేసులనీ నాతో ఎందుకు వాదించారు?"

"అది లోపల్నించి ఇంటంది గదమ్మా. నాను బేగి ఒప్పీసుకుంటే దానికి అనుమానం రాదేటి? మీరు గట్టిగా దెబ్బలాడాల, నాను ఓడిపోవాల. అప్పుడు బాగుంటాది."

"మీ ఇద్దరి మధ్యా నన్ను బాగా ఆడించారు."

"సమించండి. రేపు నానే సైకిలు మీద ఎక్కించుకుని దింపుతాను."

"ఆ సైకిళ్ళ వరదలోనా?"

"నాదీ అందులో ఒక సైకిలే గదమ్మా."

"మరి మీ టెస్టు?"

"నిన్న కూర్మారావునడిగాను, ఆ సాయంత్రం బడిలో నాకు జాగా ఉంటాదేటిరా అని. ఏటన్నాడో తెల్సా? 'రా మేస్త్రీ, నా పక్కనే కూకో. నీకు రాకపోతే నాను సెప్తాను గదా' అన్నాడు. బుర్రలేనోడు. కళ్ళనీల్లు తెప్పించేసాడు."

"పద్మతో ఏమని చెప్పమంటారు?"

"మీరే గెల్సారని సెప్పండి. నాకు తెలిసిపోనాదని మట్టుకు అనకండి. వారంనించి నన్ను ఎంత బాగా మోసం సేత్తన్నానో అని దానికి ఒకటే సంబరం. ఆ సంబరం దానికి ఉండనియ్యండి. పద్దూ, టీ ఏదే? ఆకులు దార్జిలింగునుంచి రావాలేటి?"

"లా రహీ హూఁ నాన్నా. ఆ కూర్మారావు చెప్పే లెక్కలన్నీ రోజూ ఇంటికి తీసుకురా, నేను దిద్దుతాను. ఈసారి నీది తప్పయితే తప్పనే అంటాను."