బర్రెకు తప్పిన తేదీ

1997 ఎండాకాలం. ఆత్మకూరు కంప్యూటర్ సెంటర్లో ఒక అమ్మాయి పశువుల టీకా తేదీలు చూపేందుకు రాసిన ప్రోగ్రాం చూడడానికి పశువుల డాక్టరు వచ్చి ముందుగదిలో కూర్చున్నాడు. లోపల ఆ అమ్మాయి, మాస్టారు.

"బర్రెకు టీకా తేదీ తప్పు చూపిస్తా ఉండాదే?"

"నిన్న సరిచేసినాను సార్!"

"ఆవుకు చేసినావు. అదే కోడ్ బర్రెకు కాపీ కొట్టినావు గదా, అక్కడ మరిచినావు."

"ఇప్పుడే దిద్దేస్తాను. డాక్టరుకు తెలీదులే సార్."

"రేపు ఇంకోటి మారిస్తే మళ్లీ మరుస్తావు. టీకా పడక చచ్చేది ఎవురి బర్రె?"

"మాలాంటోళ్లదే."

"మరి ఏం చేస్తావో నువ్వే చెప్పు."

ఆమె ముందుగదిలోకి వెళ్లి, కాసేపటికి కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమన్నాడు?"

"తప్పుండాదని చెప్తే కసురుకున్నాడు సార్. సోమవారం వస్తాడంట. మేకలు కూడా పెట్టమన్నాడు."

"ఆవుకు, బర్రెకు రాసిన ఆ రెండు లెక్కలూ చెరిపేయి. 'పశువు' అని ఒక క్లాసు రాయి, అన్నిటికీ అదే అచ్చు. తేదీ లెక్క అందులో ఒక్కచోటే ఉండాల. ఆవైనా బర్రైనా అక్కడినుంచే తీసుకుంటాది."

"మరి మేకకు?"

"మేక పశువు కాదామ్మా?"

"అంటే... మేకకు ఆ లెక్క మళ్లీ రాసే పనే లేదు సార్!"