ఒడిల బియ్యం పొయ్యకు

హలో… ఆ, నేనే రాజేశమన్నా, వనమాలనే. జర గట్టిగ మాట్లాడు, ఇక్కడ మంది లొల్లి ఉన్నది.

గార్లల ఇంటికాడ లేను. మానుకోటకు వచ్చినం… దవాఖానల ఉన్న.

నాకేం గాలే. మీ బావకు. — ఆ, షుగరే. వేలు తీసేసిన్రు.

కాలు వేలు. బొటనవేలు.

మొన్న… ఎందుకు చెప్పలే అంటె — కీర్తి పెండ్లి పనుల మీద ఉన్నవు. బిడ్డ పెండ్లి పెట్టుకున్నోన్ని పరేషాన్ చేసుడెందుకని.

ఏడుస్తలేనన్నా. ఏడుపు వస్తలేదు. నువ్వు చెప్పు, ఫోన్ ఎందుకు చేసినవు? ఒడి బియ్యం కోసమేనా?

… ఆ. శుక్రారం. … చీర తెచ్చిన్రా. ఏం రంగు? … మంచిగనే ఉంటది.

అన్నా, ఒక్క మాట. నా ఒడిల బియ్యం పొయ్యకు.

పిచ్చి లేశిందా అంటె — లేశిందనుకో.

డాక్టర్ ఏమన్నడో విను. పుండు మానాలంటె షుగర్ దిగాలె. దిగకపోతె ఈసారి వేలు గాదు, పాదం తీసుడే. మార్కెట్ల మీ బావ మొగిలి అంటె బస్తాను బంతి లెక్క లేపెటోడు. పాదం లేని హమాలీని ఎవడు పిలుస్తడు? ఏ కాలు మీద మోస్తడు?

… గోలీలు ఏసుకుంటనే ఉన్నడు. గోలీ కిందికి గుంజుతది, అన్నం పైకి గుంజుతది.

నడుమ మంచిగనే ఉండె గద, నువ్వే చూస్తివి. అన్నం బందే చేసిండు… ఏం తిన్నడా? ఫోన్ల వీడియోల ఒకాయన చెప్తడు, బాదములు తిను, పన్నీర్ తిను, ఇంకేదో పండట, దాని పేరు నాకు నోరు తిరగదు. అవి ఆ చెప్పెటోనికి. మాకు గుడ్లు. పెరట్ల పుంటికూర. సంత లేశేటప్పుడు పోతె సోరకాయలు, కాకరకాయలు అగ్గువకిస్తరు. వాగుల సన్న చేపలు, ముండ్లతోనే నమిలిండు. గుప్పెడు పల్లీలు. సల్ల. అట్లనే ఎల్లదీసినం.

… పిల్లలకు అన్నమే. నాకు గుడ అన్నమే. రేషన్ల ఉత్తగ వచ్చేది అదే గద. ఒక్క పొయ్యి మీద రెండు వంటలు.

అడగక ఏం? గ్రామసభల లేశి అడిగిన. షుగరోళ్లకు బియ్యం బదులు పప్పియ్యిన్రి, గుడ్లియ్యిన్రి అన్న. సభంత నవ్విన్రు. పేదోని కడుపు నిండితె సాలట. ఆ కడుపు కింద కాళ్లు గుడ ఉంటయని ఎవలకూ యాది లేదు.

… మళ్ల ఎట్ల పెరిగిందంటవా. చెప్పాల్నా?

మీ కొత్తింట్ల సొచ్చిన నాడు నువ్వు, వదిన నా ఒడి నిండ పోస్తిరి. ఆ బియ్యం అమ్మద్దు, బయటోళ్లకు ఇయ్యద్దు. ఇంట్ల వండుకోని ఆలుమొగలు ముందు తినాలె. నీకు తెల్వంది గాదు. ఒక్క బుక్క తిని లెవ్వుమని మీ బావకు చెప్పిన. వినలే. బామ్మర్ది పోసిన బియ్యం పక్కకు పెడితె బామ్మర్దినే పక్కకు పెట్టినట్టు అన్నడు. కడుపునిండ తిన్నడు. తెల్లారి గుడ తిన్నడు. అవి అయిపోయినంక రేషన్ బియ్యం మీద పడ్డడు. నోటికి అన్నం తగిలినంక మనిషి ఆగలే.

నిన్ను అంటలేను. జరిగింది చెప్తున్న.

… ఆయన రాకున్నా నన్నొక్కదాన్నే రమ్మంటవు. తెచ్చి మూలకు పెట్టుమంటవు. ఇంట్ల ఉంటె వండమంటడన్నా. నీ పేరు మీద తింటడు. నేను అడ్డం పడితె, పుట్టింటోళ్ల మీద నీకే మర్యాద లేదా అంటడు.

… ఉత్తి ఒడి ఎందుకు? కుడుకలు పొయ్యి. బియ్యంల ఎట్లైన ఏస్తరు గద, అవే ఎక్కువ పొయ్యి. ఎండు కొబ్బరి ఆయన తినొచ్చు. పల్లీలు పొయ్యి. పసుపు అంటిచ్చే పొయ్యి, పద్ధతి తప్పద్దంటె.

కుదరదా.

… పిడికెడైనా బియ్యమే. ఆ పిడికెడు కాడనే మొదలైతది.

వదినకు ఇయ్యి ఫోన్. — మాట్లాడదా. సరె.

… మొగపిల్లగానోళ్లు ఏమనుకుంటరో అని. … ఆడిబిడ్డ ఒడి పట్టకపోతె పెండ్లిపిల్లకు మంచిది గాదా? కీర్తిని ఎత్తుకోని తిప్పినదాన్ని నేను. దానికి చెడు కోరుతనా?

ఇటు ఆయన కాలు. అటు అది. నేను ఎటు చూడాలెనో నువ్వే చెప్పు.

… ఏమంటున్నవు? బియ్యం పట్టకపోతె గడప తొక్కద్దా.

మళ్లొకసారి అను.

… ఆ. ఇనబడ్డది.

సరె.

కోపం గాదన్నా. కోపం చేద్దామన్నా పానం లేదు. చీర వదినను కట్టుకోమను. కీర్తి అడిగితె మేనత్తకు జరమొచ్చిందని చెప్పు. కాలు సంగతి చెప్పకు, పెండ్లి ముంగట పిల్ల ఏడ్వద్దు.

నేను కొట్లాడతలేను. నీ ఇంటి గడప నాకు పెద్దదే. గని ఆయన గడప దాటాలంటె కాలు… హలో. అన్నా. … హలో.

పెట్టేసిండు.

— ఇగ లే, నిద్ర సాలు. డ్రెస్సింగుకు పిలుస్తున్రు. నా భుజం పట్టుకో. ఆ కాలు మోపకు.

ఆ, మా అన్ననే… బాగనే ఉన్నరు అందరు. నీ కాలు ఎట్లున్నదని అడిగిండు.

… ఒడి బియ్యమా?

ముందు నడువు.